యలమంద వేసిన బుష్షు

బందరు కోనేరు సెంటర్ దాటి కాస్త ముందుకెళితే ఉండే భూషణం కొట్టు ఒకప్పుడు రెండు తలుపుల కొట్టు. 1998 నాటికి ఒక తలుపు వైపు ఎస్టీడీ బూత్ వచ్చింది. మిగిలిన సగంలో ఒక బల్ల, ఒక స్టూలు, గోడకి పదిహేను గడియారాలు. వాటిలో కీ ఇచ్చేవి నాలుగే. తక్కినవన్నీ సెల్లు మీద నడిచేవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చేవాళ్ళు వచ్చి "సెల్లు వెయ్యండి" అంటారు. భూషణం వెనక మూత తీసి, పాత సెల్లు లాగి, కొత్తది పెడతాడు. ఆ పనికి అరవై రెండేళ్ళ వయసూ, నలభై అయిదేళ్ళ అనుభవమూ అక్కర్లేదని అతనికీ తెలుసు. మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది. పక్క బూత్ లోంచి ఎవరెవరి సంసారాలో గట్టిగా వినబడుతూ ఉంటాయి. వచ్చే ఎండాకాలానికి కొట్టు మూసేస్తానని భార్య సత్యవతితో అన్నాడు. "సరే" అంది ఆవిడ. ఏడాది కిందటైతే వద్దనేది.

అక్టోబరు చివర్లో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, నలభై ఏళ్ళ ఆవిడ కొట్టు ముందు ఆటో దిగింది. పాత దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువుని రెండు చేతుల మీదా మోసుకొచ్చి బల్ల మీద దించింది. విప్పకముందే అదేమిటో భూషణానికి తెలిసిపోయింది. దుప్పటి లోపల గంట తీగ సన్నగా మూలిగింది.

"పాత గోడ గడియారాలు చెయ్యడం మానేశానమ్మా."

"నా పేరు అపర్ణండీ. గుడివాడ నుంచి వచ్చాను, బ్యాంకులో పనిచేస్తాను. అక్కడ ఎవర్నడిగినా బందరు భూషణం గారి దగ్గరికే వెళ్ళమంటున్నారు."

"వాళ్ళకి నా వయసు గుర్తుండి ఉండదు. కళ్ళు ఆనట్లేదమ్మా. చెయ్యి కూడా కుదురుగా నిలబడదు. ఓ సెల్లు గడియారం కొనుక్కోండి, హాయిగా ఉంటుంది."

"కొన్నానండీ. అమ్మకి పనికిరాలేదు."

అపర్ణ తల్లి పేరు త్రిపురసుందరి. డెబ్బై దాటాయి. నీటికాసుల జబ్బుతో రెండేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయింది. కూతురు బ్యాంకుకి వెళ్ళాక సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"ఎంతయిందో తెలియదండీ ఆవిడకి. రేడియో పెట్టుకుంటే వార్తలొచ్చినప్పుడు తెలుస్తుంది, కరెంటు పోతే అదీ లేదు. నేను వచ్చే వేళయిందనుకుని మూడింటికే వెళ్ళి గుమ్మంలో కూచుంటుంది. పాట పాడే గడియారం తెచ్చాను. అన్ని గంటలకీ ఒకటే పాట. 'మీ నాన్నగారి గడియారమైతే ఎన్ని కొట్టిందో లెక్కపెట్టుకునేదాన్ని కదే' అంటుంది. అది చూస్తే పాతికేళ్ళుగా గోడకి ఊరికే వేలాడుతోంది."

భూషణం ఇక కాదనలేక దుప్పటి విప్పాడు. అమెరికా గడియారం. నల్లబడ్డ చెక్క పెట్టె, పసుపెక్కిన డయలు, కింద పెండ్యులం కనిపించే గాజు తలుపు. ఇలాంటివి తన చేతుల మీదుగా ఎన్ని వందలు వెళ్ళాయో.

"చివర ఎవరు విప్పారు దీన్ని?"

"గుడివాడలో యలమంద అని ఒకాయన ఉండేవాడటండీ. ఆయనే పాడుచేశాడు. కాస్త ఆగి ఆగి నడుస్తోందని నూనె వెయ్యడానికి ఇస్తే మొత్తం విప్పేసి, ప్లేటుకి బెజ్జాలు తొలిచేశాట్ట. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఆ మాట చెబుతూనే ఉండేవారు."

భూషణానికి యలమంద తెలుసు. గడియారం సామాన్ల కోసం నెలకోసారి బందరు వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, అడిగినదానికి తప్ప మాట్లాడని మనిషి. అతను ఎవరో మాస్టారి గడియారం చెడగొట్టాడన్న కబురు అప్పట్లోనే బందరు దాకా వచ్చింది. "యలమంద చేతిలో పడుకున్న గడియారం మరి లేవదు" అని టీ కొట్టు దగ్గర భూషణమే అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ మాట కొన్నాళ్ళు ఊళ్ళో తిరిగింది.

"సరే, వదిలి వెళ్ళమ్మా," అన్నాడు. "నెల రోజులు పడుతుంది. తొందర పెట్టకూడదు."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, వీధిలోంచి వెలుతురు బల్ల మీద సరిగ్గా పడే వేళ, పని మొదలుపెట్టాడు. డయలు తీశాడు, ముళ్ళు తీశాడు, స్ప్రింగుల బిగువు వదిలించాడు. ఈ గడియారాల లోపల రెండు ఇత్తడి ప్లేట్లుంటాయి. వాటి మధ్య చక్రాలు నిలబడి తిరుగుతాయి. ఒక్కో చక్రం ఇరుసు కొనలు రెండూ అటూ ఇటూ ప్లేట్లలో వేసిన చిన్న బెజ్జాల్లో కూచుంటాయి. ఏళ్ళ తరబడి దుమ్మూ నూనే కలిసి ముద్దయి, ఆ ముద్ద ఆకురాయిలాగా బెజ్జాన్ని ఒక పక్కకి తినేస్తుంది. గుండ్రటి బెజ్జం కోడిగుడ్డులా అవుతుంది. ఇరుసు వాలిపోతుంది, చక్రాల పళ్ళు ఒకదానికొకటి సరిగ్గా అందవు. గడియారం అలిసిపోయి ఆగుతుంది.

దానికి సరైన మందు ఒక్కటే. అరిగిన బెజ్జాన్ని పెద్దది చేసి, అందులో బుష్షు అనే చిన్న ఇత్తడి ముక్క బిగించి, మొదట ఉన్న చోటే మళ్ళీ సన్నటి బెజ్జం వెయ్యాలి. ఒక్కోదానికి ఒక పూట పడుతుంది. దొంగ మందు ఇంకొకటి ఉంది. బెజ్జం చుట్టూ పంచ్ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఇత్తడి నలిగి లోపలికి జరుగుతుంది. బెజ్జం ఇరుకైనట్టు కనిపిస్తుంది. ఏడాదో ఏడాదిన్నరో నడుస్తుంది. తరవాత మొదటికంటే అన్యాయంగా చెడుతుంది.

ఈ ప్లేట్ల నిండా దెబ్బలే. కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు. దాదాపు ప్రతి బెజ్జం చుట్టూ ఆరేడు గంట్లు, మశూచి మచ్చల్లా.

"ఎవడో బద్ధకస్తుడు," అని పైకే అన్నాడు.

ప్లేటుని కిరసనాయిల్లో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. మసి పోయాక అడుగున ఒక మూల సూదితో గీసిన అక్షరాలు బయటపడ్డాయి. భూ. 14-6-71.

తను చేసిన ప్రతి గడియారం లోపలా అలా గీసేవాడు. అప్పట్లో అదో దర్జా.

భూషణం ప్లేటుని గుడ్డ మీద పెట్టి, భూతద్దం తీసి, మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు. అక్షరాలు అవే. పక్క బూత్ లో ఎవరో బియ్యం బస్తాల గురించి అరుస్తున్నారు. ఆ గోలలోనే కూచుని ఒక్కో బెజ్జమే లెక్కపెట్టాడు. అరిగినవి రెండు ప్లేట్లలోనూ కలిపి పధ్నాలుగు. పదమూడింటి చుట్టూ దెబ్బలున్నాయి. పధ్నాలుగోది వెనక ప్లేటు మధ్యలో ఉంది. దానికి బుష్షు వేసి ఉంది. ఎంత నున్నగా వేశారంటే, కిరసనాయిలు తడి మీద వెలుగు వాలితే తప్ప అతుకు కనిపించలేదు. వేలి గోరుతో తడిమాడు. గోరుకి ఏమీ తగల్లేదు.

అది తను చేసింది కాదు. తన తరవాత ఈ గడియారాన్ని విప్పినవాడు ఒక్కడే.

1971 జూన్‌లో ఆ రోజు కొంచెం కొంచెంగా గుర్తొచ్చింది. గుడివాడలో అపర్ణ తండ్రి పాండురంగారావు మాస్టారి వరండా. పొద్దున బండికి వెళ్ళాడు. మాస్టారు బల్ల వేయించారు, మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో భోజనం పెట్టించారు. బుష్షులు వెయ్యాలంటే గడియారాన్ని బందరు మోసుకురావాలి, పది పదిహేను రోజుల పని. పంచ్ తో అయితే గంట. అయిదున్నర బండి అందుకోవాలి. ఆ రోజు ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యలేదు. తనకే కష్టమూ లేదు. తొందర, అంతే. ఏదైనా సాకు దొరుకుతుందేమోనని చాలాసేపు వెతుక్కున్నాడు. దొరకలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర సత్యవతితో చెప్పాడు. ఆవిడ మజ్జిగ పోస్తూ విని, "మంచిగా చేసి ఇచ్చెయ్యండి," అంది. "ఆ గీతలు రుద్దెయ్యండి. ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తారు? ఆ మాస్టారు పోయారు. యలమంద ఉన్నాడో లేడో."

"రుద్దేద్దామనే అనుకున్నా."

"మరి?"

"అతను వేసిన ఆ ఒక్క బుష్షు చూశాక చెయ్యి రాలేదు."

సత్యవతి మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది. విస్తరి తీసింది.

పని మొత్తం ఇరవై మూడు రోజులు పట్టింది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకానే చూపు ఆనేది. ఒకప్పుడు చేతివేళ్ళకి తెలిసిన కొలతలు ఇప్పుడు కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. కష్టమంతా బెజ్జం అసలు చోటు పట్టుకోవడంలో ఉంది. అరిగింది ఒక పక్కకి, దానిమీద తను కొట్టిన దెబ్బలకి ఇత్తడి ఇంకో పక్కకి జరిగింది. ముందు తన దెబ్బల్ని ఆకురాయితో తీసెయ్యాలి, తరవాత అరగని వైపు కూడా అంతే తొలిచి నడిమధ్యకి రావాలి. మూడో బెజ్జం దగ్గర చెయ్యి వణికి డ్రిల్లు వెంట్రుకవాసి పక్కకి పోయింది. అంతే చాలు, చక్రం పట్టేసింది. ఆ బెజ్జాన్ని ఇత్తడి మేకుతో పూడ్చి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. ఆ పూట బల్ల మీద తల ఆనించి అలాగే ఉండిపోయాడు. సెల్లు కోసం వచ్చిన ఒకాయన నిద్రపోతున్నాడనుకుని వెళ్ళిపోయాడు.

గంట కొట్టే వైపు చిన్న చక్రం ఒకటి పంజరంలా ఉంటుంది. ఉక్కు పుల్లలే దాని పళ్ళు. ఆ పుల్లలు నడుం దగ్గర అరిగి సన్నబడి పోయాయి. అవి ఇప్పుడు ఎక్కడా దొరకవు. సత్యవతి కుట్టుసూదుల్లోంచి లావు సరిపోయేవి ఏరి, కాల్చి, తుంచి, ఒక్కొక్కటే చిన్న పట్టకారుతో పట్టి గుచ్చాడు. ఆరు పుల్లలకి రెండు రోజులు.

యలమంద వేసిన బుష్షుని మాత్రం ముట్టుకోలేదు. ఇరుసు కొన అందులో పెట్టి చూస్తే అటూ ఇటూ కదలాల్సినంతే కదిలింది. తక్కిన పదమూడు బుష్షులూ దాన్ని చూసే చేశాడు. అన్నీ అయ్యాక పక్కపక్కన పెట్టి చూస్తే తనవాటిలో మూడో నాలుగో దాని సాటికి వస్తాయి. గడియారం నడిచింది. ఇలాంటిది నడిచినప్పుడు ఒకప్పుడు ఒంట్లోకి ఏదో ఉత్సాహం వచ్చేది. ఈసారి, హమ్మయ్య, అయింది అనిపించింది.

నవంబరు నెలాఖరు ఆదివారం గడియారాన్ని అదే దుప్పట్లో చుట్టుకుని గుడివాడ పాసింజరు ఎక్కాడు. గుడ్లవల్లేరు దాకా ఒళ్ళో పెట్టుకునే కూచున్నాడు, తొడలు తిమ్మిరెక్కాయి. స్టేషనుకి అపర్ణ ఆటో తీసుకొచ్చింది.

ఇంట్లో పాత మేకుకే తగిలించి, గోడకి వాలు చూసి, పెండ్యులం కదిపాడు. త్రిపురసుందరి కుర్చీలో నిటారుగా కూచుని వింటోంది. తెల్లగా, చిన్నగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. కాసేపటికి గంట కొట్టడం మొదలైంది. ఆవిడ వేళ్ళు మోకాలి మీద ఒక్కొక్కటే లేచి పడ్డాయి.

"పదకొండు," అంది. తరవాత మొహం కూతురి వైపు తిప్పి, "పదకొండయితే ఇంకా కుక్కరు పెట్టలేదేమే? భూషణం గారికి భోజనం పెట్టొద్దూ?"

అపర్ణ నవ్వి లోపలికి వెళ్ళబోయింది.

"ఉండమ్మా," అన్నాడు భూషణం. "భోజనం సంగతి తరవాత. మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి."

చెప్పాడు. డొంకతిరుగుడు లేకుండానే చెప్పాడు. తను డెబ్బై ఒకటిలో బెజ్జాలు ఎలా మూశాడో, అవి ఎందుకు నిలవవో, ఆ గడియారం ఎందుకు ఆగిపోయిందో. యలమంద తొలిచిన బెజ్జం ఒక్కటేనని, లోపల ఉన్న మంచి పని అదొక్కటేనని.  

త్రిపురసుందరి మొహం గడియారం చప్పుడు వైపు తిప్పింది.

"మా వారు పనిచేసే బడిలో గడియారాల పని అతనిదే," అంది. "అది తీయించేశారు. రైసు మిల్లుల వాళ్ళక్కూడా చెప్పారు, యలమందకి పని ఇవ్వద్దని. మాస్టారు చెప్పారంటే ఊళ్ళో ఇంక తిరుగులేదు. రెండేళ్ళు తిరక్కుండా అతను కొట్టు తీసేశాడు."

"ఆ సంగతి నాకు తెలియదమ్మగారూ."

"నాకు తెలుసు. అతని భార్య ఒకరోజు మా ఇంటికొచ్చింది. ఆ మెట్ల మీద నిలబడింది. మాస్టారికి ఒక మాట చెప్పండమ్మా అని. కడుపుతో ఉంది. నేను లోపలికి రమ్మని కూడా అనలేదు భూషణం గారూ. ఆయన పడుకున్నారు, వెళ్ళమన్నాను." ఆవిడ గొంతు పెరగలేదు. "పాతికేళ్ళకి వచ్చి ఇప్పుడు ఇలా చెబుతున్నారా మీరు?"

"ప్లేటు విప్పాకే తెలిసిందమ్మా నాకు కూడా."

"చేసిన రోజున తెలియదా?"

 అపర్ణ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఈ మాట చెప్పాల్సింది నాక్కాదు," అంది త్రిపురసుందరి. "అతను ఎక్కడున్నాడో కనుక్కోవే అపర్ణా. మీరు వెళ్ళండి. వెళ్ళి చెప్పండి. అతని భార్యకి నేను కూడా చెప్పమన్నానని చెప్పండి. ఆ మెట్ల సంగతి, తప్పు నాదేనని."

అయినా భోజనం పెట్టందే పంపలేదు.

యలమంద కొట్టు ఉన్నచోట ఇప్పుడు సైకిలు షాపు ఉంది. దాని యజమానిని అడిగితే, యలమంద నాగాయలంకలో కూతురి దగ్గర ఉంటున్నాడని, ఇంజన్లు బాగుచేస్తాడని చెప్పాడు. అపర్ణ ఆ సంగతి బూత్ కి ఫోను చేసి చెప్పింది. బుధవారం పొద్దున్నే భూషణం బస్సెక్కాడు. చల్లపల్లిలో దిగి ఇంకో బస్సు. పులిగడ్డ వంతెన మీద ఉప్పుగాలి మొదలైంది. అవనిగడ్డ దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరి చేలు తగ్గి రొయ్యల చెరువులు వచ్చాయి. మబ్బు పట్టి ఉంది. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నాయి. ఏం చెప్పాలో అని దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. దిగేసరికి ఒక్క ముక్కా మిగల్లేదు.

కాలవ గట్టు మీద రేకుల షెడ్డు. ముందు నాలుగు డీజిలు ఇంజన్లు పేగులు బయట పెట్టుకుని పడి ఉన్నాయి. వాటి మధ్య పీట మీద కూచున్న మనిషి తలెత్తి చూశాడు. జుట్టంతా తెల్లబడింది గానీ అదే సన్నటి మొహం.

"బందరు భూషణం గారా?" అంటూ లేచాడు. "ఇంత దూరం వచ్చారేంటండీ? కూచోండి." లోపలికి తిరిగి, "అమ్మాయ్, మంచినీళ్ళు తీసుకురా," అని కేకేశాడు.

యలమంద కూతురు నీళ్ళిచ్చి వెళ్ళింది. భూషణం తాగి, గ్లాసు పక్కన పెట్టి, గుడివాడలో చెప్పినట్టే మొత్తం చెప్పాడు. యలమంద వింటూ, స్పానరుని నూనె గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"నాకు తెలుసు కదండీ," అన్నాడు.

"తెలుసా?"

"ప్లేటు కడగ్గానే మీ అక్షరాలు కనపడ్డాయి. మాస్టారు మూడో రోజున చూడ్డానికొచ్చారు. గడియారం ముక్కలు ముక్కలుగా ఉంది, బెజ్జం తొలిచి ఉంది. ఆయనకి కోపం వచ్చింది. అప్పుడు చూపించాను. ఈ బెజ్జాలు మూసింది భూషణం గారేనండీ, ఇట్లా మూస్తే నిలవవు, అన్నిటికీ బుష్షులు వెయ్యాలి అన్నాను. ఆయన నమ్మలేదు. మీకు కార్డు రాశారు."

"నాకా?"

"మీరు జవాబు రాశారు కూడా. మాస్టారు అది తీసుకొచ్చి నాకు చూపించారు. 'నేను చేసిన పని గట్టిది. బెజ్జాలు తొలవాల్సిన అవసరం లేదు. చేతకానివాడి చేతికి ఇవ్వకండి' అని. ఆయన ఉన్నది ఉన్నట్టు బిగించి ఇచ్చెయ్యమన్నారు. బిగించి ఇచ్చేశాను."

భూషణం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆ రోజుల్లో నెలకి పది కార్డులు రాసేవాడు. ఈ కార్డు ఎంత వెతికినా గుర్తుకి రాలేదు. కానీ మాటలు తనవే. చేతకానివాడు అన్నది తను రోజుకి నాలుగుసార్లు వాడే మాట.

"నాకు గుర్తు లేదు యలమందా," అన్నాడు.

"నాకు గుర్తుందండీ."

కాలవలో ఒక పడవ టుకటుకమంటూ వెళ్ళింది. భూషణం అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఏదన్నా అను," అన్నాడు భూషణం.

"అప్పుడే వచ్చి ఉంటే అనేవాణ్ణి. కొన్నాళ్ళు రోజూ అనుకునేవాణ్ణి మీరు ఎదురుపడితే ఏమనాలో. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చాక ఇక్కడ పడవల ఇంజన్లన్నీ ఉప్పునీళ్ళలో మునిగిపోయాయి. చేసేవాళ్ళు కావాలన్నారు. వచ్చేశాను. ఇవి గడియారాల కంటే సులువు. పెద్ద సామాను, కంటికి కనపడుద్ది." స్పానరు పక్కన పెట్టాడు. "ఇప్పుడు అనడానికి నాకు ఓపిక లేదండీ." నూనె గుడ్డ మడుస్తూ అడిగాడు. "నేను వేసిన బుష్షు ఎట్లా ఉంది?"

"అట్లాగే ఉంది. వెంట్రుకంత కూడా అరగలేదు. తక్కినవి దాన్ని చూసి వేశాను."

"గడియారం నడవకపోతే అరిగేదెట్లా?" అన్నాడు యలమంద. నవ్వలేదు. "ఆ ఒక్కదానికీ రెండ్రోజులు కూచున్నాను. మాస్టారి గడియారం కదా అని."

అప్పుడు భూషణం త్రిపురసుందరి చెప్పమన్న మాట చెప్పాడు. యలమంద భార్య వాళ్ళింటికి రావడం, మెట్ల మీద నిలబడటం, లోపలికి కూడా పిలవకుండా పంపేశానని ఆవిడ అనడం. "మీ ఇంటావిడకి చెప్పమన్నారు," అన్నాడు.

యలమంద మొహం చూసి ఏదో తప్పు జరిగిందని అర్థమైంది.

"మా ఆవిడ పోయి ఆరేళ్ళయిందండీ," అన్నాడు యలమంద. "వాళ్ళింటికి వెళ్ళిందా? ఎప్పుడు?"

"కడుపుతో ఉన్నప్పుడట."

యలమంద లోపల కూతురున్న గది వైపు చూశాడు. "నాకు చెప్పలేదు," అన్నాడు. "ఒక్కసారి కూడా చెప్పలేదు." లేచి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. అక్కడ బకెట్లోంచి నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. మొహం కడుక్కోవడానికి అన్ని నీళ్ళు అక్కర్లేదు. భూషణం ఉన్నచోటే కూచుని, తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. 

ఇంతలో బాలస్వామి అనే చెరువు కాపలా మనిషి సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. "మావయ్యా! చెరువులో చక్రాలు తిప్పే ఇంజను ఆగిపోయింది. పొద్దున్నుంచి మబ్బు, గాలి లేదు. రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నయ్యి!"

యలమంద తడి మొహంతోనే వచ్చి సంచి అందుకున్నాడు. భూషణం కేసి ఒకసారి చూశాడు. నడిచాడు. భూషణం లేచి అతని వెనకే నడిచాడు. ఎందుకో తనకీ తెలియదు. చెరువు గట్టు మీద జారుడుగా ఉంది. రెండుసార్లు తూలి గడ్డి పట్టుకుని నిలబడ్డాడు.

ఇంజను ఒక పాక కింద ఉంది. బాలస్వామి వల పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయాడు. యలమంద వంగి ఒక పైపు విప్పాడు, ఇంకొకటి విప్పాడు. డీజిలు దారిలో గాలి చేరింది. ఒకరు పైపు పట్టుకుంటే ఇంకొకరు పంపు కొట్టాలి.

"ఇది పట్టుకోండి," అన్నాడు యలమంద, చూడకుండానే. "కదపకండి."

భూషణం తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, మట్టిలో చతికిలబడి, రెండు చేతులా పైపు పట్టుకున్నాడు. కదలకుండా మోకాలికి ఆనించి బిగించాడు. డీజిలు బుడగలు బుడగలుగా వచ్చి వేళ్ళ మీదుగా కారింది. "ఇంకా," అన్నాడు యలమంద. పట్టుకున్నాడు. "ఇంకా." బుడగలు ఆగి ధార సన్నగా, తిన్నగా వచ్చేదాకా పావుగంట పట్టింది. బిగించి, హ్యాండిలు తిప్పితే మొదటిసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారికి నల్లటి పొగ వదిలి అందుకుంది. చెరువులో చక్రాలు తిరిగి నీళ్ళు లేచాయి. ఇద్దరు ముసలివాళ్ళూ లేవడానికి గుంజని పట్టుకున్నారు.

వెనక్కి నడిచేటప్పుడు యలమంద నెమ్మదిగా నడిచాడు, భూషణం అందుకోగలిగేలా. బస్సు ఆగేచోటికి వచ్చాక నిలబడ్డాడు.

"అమ్మాయి అన్నం పెడుతుంది, తిని వెళ్ళండి."

"వద్దు. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో."

"సరే." యలమంద నేల చూపులు చూస్తూ అన్నాడు. "భూషణం గారూ, మళ్ళీ రావద్దండీ. కోపంతో అనట్లేదు. వస్తే మళ్ళీ ఇదంతా మాట్లాడుకోవాలి. మాస్టారి భార్యకి కూడా చెప్పండి, నాకేం లేదని. మా ఆవిడ సంగతి మాత్రం నేను చెప్పలేను. అది వాళ్ళిద్దరి మధ్య సంగతి."

భూషణం తల ఊపాడు. క్షమించు అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ మనిషి మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందని మింగేశాడు. యలమంద వెనక్కి తిరిగి షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

బస్సు నిండా జనం. అవనిగడ్డ దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ ఒక సీటు దొరికింది. చొక్కా ముందంతా డీజిలు మరక. పక్కన కూచున్నామె కొంగు దగ్గరికి లాక్కుని కిటికీ వైపు జరిగింది. భూషణం కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం మళ్ళీ గుడివాడ వెళ్ళాలి. యలమంద భార్య లేదని, ఆ మెట్ల సంగతి ఆవిడ బతికున్నన్నాళ్ళూ మొగుడికి కూడా చెప్పుకోలేదని, చూపు లేని ఆ పెద్దావిడకి ఎదురుగా కూచుని చెప్పాలి. కార్డు సంగతి కూడా. ఇంకో ప్రయాణం. నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని, సీటుకి జారగిలబడ్డాడు.